సుహృద్భావానికి నూటికి డెబ్బై అయిదు

మా సంస్థలో యాజమాన్యానికీ యూనియన్‌కీ మధ్య జరుగుతున్న చర్చలు గత పదిహేను నెలల్లో ఒక్కసారి కూడా విఫలం కాలేదు. ఈ మాట నేను రికార్డు చూసి రాస్తున్నాను. ఆ రికార్డు రాసిందీ నేనే కనుక అనుమానానికి తావు లేదు.

మాది కొండల మీంచి రేవుకు ఖనిజం మోసే రైలు సంస్థ. మా బళ్లలో ప్రయాణికులు ఎక్కరు కాబట్టి ఫిర్యాదులు రావు. ఉన్నదల్లా రాయి, పట్టాలు, పట్టాల మీద పనిచేసే మనుషులు. రాయి ఏమీ అడగదు. పట్టాలూ అడగవు. మూడోవాళ్లు అడుగుతారు. వాళ్లు అడిగేది వినడానికి సిబ్బంది విభాగం ఉంది. అందులో నేను జూనియర్ అసిస్టెంటుని. పేరు తవిటిరాజు. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. ఏ ఫారం చేతికిచ్చినా ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా, ఉన్నది ఉన్నట్టు నింపడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్లే ఉద్యోగం వచ్చిందని నా నమ్మకం.

యూనియన్ వాళ్లు అడుగుతున్నది పెద్దదేమీ కాదు. మా లైనులో నలభై రెండు బీట్లు ఉన్నాయి. బీటుకొక కీమాన్. కీమాన్ అంటే రోజూ పొద్దున్నే ఐదారు కిలోమీటర్లు పట్టాల వెంట నడిచి, ఊడివచ్చిన క్లిప్పుల్ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టి, వదులైన బోల్టుల్ని బిగించే మనిషి. ఒంటరి పని. వంగి బోల్టు బిగిస్తున్నప్పుడు వీపు వెనకాల ఏమొస్తోందో చూసుకునే వీలుండదు. పైగా కొండ దిగే బళ్లు ఇంజను మోత పెద్దగా లేకుండా జారుకుంటూ వస్తాయి. పోయిన ఏడాది ఇరవయ్యో బీటులో ఒకాయన బోల్టు బిగించడానికి వంగి, మరి లేవలేదు. అందుకని యూనియన్ అడిగింది: కీమాన్‌కి తోడు ఒక మనిషి. అతని చేతిలో ఒక ఈల, ఒక ఎర్రజెండా. బండి వస్తుంటే చెప్పడానికి. అంతే.

ఈ సందర్భంలో ఒక విషయం దాచకూడదు. పదిహేడో బీటు కీమాన్ మా అమ్మ, ఎర్నమ్మ. మా నాన్న కామెర్లతో పోయాక ఆయన ఉద్యోగం ఆవిడకి ఇచ్చారు. కాగితాల్లో ఆవిడా కీమానే, మార్చడానికి ఫారం లేదు. నాలుగేళ్లుగా అమ్మకి ఎడమ చెవి వినపడదు. వార్షిక వైద్య పరీక్షలో డాక్టరు గారు పేరు అడిగితే టక్కున చెప్పింది కనుక రెండు చెవులూ సలక్షణంగా ఉన్నట్టు ఆయన రాశారు. ఆ ఫారం నా చేతికి రాలేదు. పదిహేడో బీటులోనే నెమలికొండ మలుపు ఉంది. మలుపు అవతల ఉన్న బండి కనపడదు, ఇవతలకి వచ్చాక ఆలోచించుకునే టైముండదు.

కాబట్టి ఈ చర్చలు ఫలిస్తే మా అమ్మ బతికి రిటైరవుతుంది. అయినా ఉద్యోగరీత్యా నేను తటస్థుణ్ణి.

మొదటి మూడు విడతలూ మామూలుగానే జరిగాయి, అంటే కేకలతో. మూడో విడతలో యూనియన్ కార్యదర్శి గవిరయ్య బల్ల మీద గుద్దితే టీ గ్లాసు ఒరిగి, మా ముఖ్య సిబ్బంది అధికారి పరాంకుశం గారి ఫైలు తడిసింది. మర్నాడు పేపర్లో ‘చర్చలు విఫలం’ అని వచ్చింది. పాలకమండలి ఆ వార్త చదివి తీవ్రంగా కలత చెందింది. అంతకుముందు కీమాన్ పోయిన వార్త కూడా అదే పేపర్లో, అదే పేజీలో వచ్చింది గానీ, అది కిందివైపు వచ్చింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వెలువడింది. ఇకమీదట చర్చలు సుహృద్భావ వాతావరణంలోనే జరగాలి. ఆ వాతావరణం ఉన్నట్టు ధ్రువీకరణ జరిగే వరకు కోరికల ఫైలు తాడు విప్పరాదు.

"కోరికలనేవి తాత్కాలికం. వాతావరణం శాశ్వతం. మనం శాశ్వతమైన దాని మీద దృష్టి సారించాలి," అని పరాంకుశం గారు మా విభాగాన్ని సమావేశపరిచి బోధించారు.

వాతావరణం ఉందో లేదో ఎవరు చెప్పాలనే ప్రశ్న వచ్చింది. నగరం నుంచి నిఖిలేశ్ అనే సలహాదారుణ్ణి పిలిపించారు. పాతికేళ్ల కుర్రాడు, ఎప్పుడూ ఎవరి మాటకీ అడ్డురాడు, విన్నదంతా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటాడు. కొలవలేనిది ఈ లోకంలో లేదని, సుహృద్భావాన్ని కూడా నూటికి ఇన్ని మార్కులని కొలవవచ్చని అతను తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. నవ్వుకి ఒక మార్కు. ‘గారు’ అంటే అర. ఒకే పళ్లెంలోంచి ఇరుపక్షాలూ టీ తీసుకుంటే ఐదు. ఎదుటివారి ఇంట్లో వాళ్ల క్షేమం అడిగితే మూడు. డెబ్బై అయిదు వస్తే వాతావరణం ఉన్నట్టు. అప్పుడు ఫైలు తాడు విప్పవచ్చు. అంతకు తగ్గిందంటే వెంటనే కట్టేయాలి. ఉద్రిక్తతకు దారితీసే ప్రస్తావన ఏదైనా చేస్తే ఇరవై కోత.

మార్కులు వేయడానికి నిజాయితీపరుడు, అనుమానం లేని చేతిరాత కలవాడు కావాలన్నారు. అందరూ నావైపు చూశారు.

నాలుగో విడతలో గంటన్నర కష్టపడితే సరిగ్గా డెబ్బై అయిదు వచ్చాయి. నేను చెయ్యెత్తాను. పరాంకుశం గారు ఎంతో ఆదరంగా తాడు విప్పి, చెప్పమన్నట్టు చేయి చాపారు. గవిరయ్య గొంతు సవరించుకుని, పట్టాల మీద మనిషికి తోడు మనిషి కావాలని అన్నాడు. నిఖిలేశ్ నాకేసి చూసి కోరిక అనేది ఉద్రిక్తతకు దారితీసే ప్రస్తావనే అని గుర్తుచేశాడు. ఇరవై తీశాను. యాభై అయిదు. పరాంకుశం గారు లేచి, చేతులు జోడించి, ఈ రోజుకు సుహృద్భావం చాలలేదని విచారం వ్యక్తం చేసి ఫైలు కట్టేశారు.

గవిరయ్య మా నాన్నతో కలిసి గ్యాంగులో పనిచేసినవాడు. నన్ను చిన్నప్పట్నించీ అల్లుడనే పిలుస్తాడు. వరండాలో నా భుజం పట్టుకుని ఆపాడు.

"కోరిక సెప్తే మార్కులు పోతాయి. మార్కులు పోతే కోరిక సెప్పకూడదు. మరింక నానేటి సెయ్యాలిరా అల్లుడూ?"

ఆఫీసు ఆవరణలో నన్ను అల్లుడని పిలవకూడదని, సార్ అంటే అర మార్కు వస్తుందని నేను సవినయంగా చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి వెళ్లిపోయాడు. నిబంధన తప్పు కాదు గదా, నిబంధనలో దారి ఉంటుంది గదా అని నేననుకున్నాను.

దారి ఆయనే కనిపెట్టాడు. ముందే పాసు మార్కులకు పైన ఇరవై వెనకేసుకుంటే కోరిక చెప్పాక కూడా డెబ్బై అయిదు మిగులుతాయి. అంటే తొంభై అయిదు కావాలి. యూనియన్ ఆఫీసులో రోజూ సాయంత్రం నవ్వుల సాధన పెట్టారు. ముప్పై ఏళ్లు ఎర్రటెండలో పట్టాల వెంట కళ్లు చికిలించి చూసిన మొహాలవి. నవ్వితే ఏడ్చినట్టుండేవి. అటువంటి నవ్వులకు నిఖిలేశ్ సంశయలాభం కింద అర మార్కు ఇవ్వమన్నాడు. గవిరయ్య ఇంట్లో అద్దం ముందు నిలబడి నవ్వితే, దెయ్యం పట్టిందేమోనని ఆయన భార్య పంతులికి కబురు పెట్టిందట.

పన్నెండో విడతకి వాళ్లు మాడుగుల హల్వా పట్టుకొచ్చారు. పరాంకుశం గారి మనవరాలి చెవిపోటు ఎలా ఉందని యూనియన్ ప్రతినిధులు ఆరుగురూ విడివిడిగా అడిగారు. మధ్యాహ్నం మూడుంపావుకి తొంభై ఆరు వచ్చాయి. గవిరయ్య ఊపిరి బిగబట్టి ఒక్క ముక్కలో కోరిక చెప్పేశాడు. ఇరవై తీశాను. డెబ్బై ఆరు.

సర్క్యులర్ వచ్చాక మొదటిసారి యాజమాన్యం జవాబు చెప్పవలసి వచ్చింది. పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నియమావళిలో అటువంటి పోస్టు లేదని, లేని పోస్టులో మనిషిని నియమించడం సాధ్యం కాదని సెలవిచ్చారు.

తిరస్కారానికి ముప్పై కోత. నలభై ఆరు. ఫైలు కట్టేశారు.

ఈ సంఘటనతో నిబంధనల్లో లోపం బయటపడింది. యాజమాన్యమే స్వయంగా వాతావరణాన్ని పాడుచేయడం శోభించదు. అలాగని ఒప్పుకునే అధికారం పరాంకుశం గారికి లేదు. అందువల్ల పదమూడో విడత నుంచి కోరికకు యాజమాన్యం అవుననకూడదు, కాదనకూడదు, ‘చిరునవ్వుతో కూడిన మౌనం’ పాటించాలని సవరణ తెచ్చారు. పరాంకుశం గారు పదిహేను నిమిషాల పాటు చెదరకుండా నవ్వేవారు. మార్కులు ఆయనకే ఎక్కువ వచ్చేవి.

కొండమీద అమ్మోరికి మొక్కినా ఇంతేనని, కాకపోతే ఆ తల్లి కోడినైనా పుచ్చుకుంటుందని గవిరయ్య బయట అన్నాడట. నేను వినలేదు కనుక కోత వేయలేదు.

ఇలా సాగుతున్న చర్చల కీర్తి నలుమూలలా పాకింది. ఎక్కడెక్కడి సంస్థల వాళ్లో వచ్చి, మా హాల్లో వెనక కుర్చీల్లో కూర్చుని, కోరిక, మౌనం, నమస్కారం చూసి నోట్సు రాసుకుని వెళ్లారు. పారిశ్రామిక సుహృద్భావానికి దేశస్థాయిలో ఒక పురస్కారం ఉందని నిఖిలేశ్ కనిపెట్టాడు. దరఖాస్తు పెట్టాం. జవాబు వచ్చింది. హాల్లో సుహృద్భావం భేషుగ్గా ఉంది, పని జరిగే చోట కూడా ఉన్నట్టు రుజువు చూపండి.

అంటే పట్టాల మీద నవ్వులు లెక్కపెట్టాలి. ఎలా అన్నదే సమస్య. కీమాన్ మొహం ఎప్పుడూ కిందికి ఉంటుంది, కెమెరా పెడితే తలపాగా తప్ప కనపడదు. నిఖిలేశ్ రెండు రోజులు ఆలోచించి ‘ముఖాముఖి పద్ధతి’ ప్రతిపాదించాడు. కీమాన్‌కి ఆరడుగుల ముందు, కీమాన్ వైపే తిరిగి, ఒక పరిశీలకుడు వెనక్కి వెనక్కి నడుస్తూ ఉండాలి. చూపు తిప్పకూడదు. నవ్వు వస్తే గీత పెట్టాలి.

తోడు మనిషికి లేని పోస్టు దీనికెలా వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. పరిశీలకుడి పోస్టు పురస్కార సన్నాహాల కిందికి వస్తుంది. సన్నాహాలకు నియమావళి వర్తించదు.

ముందు ఒక బీటులో పది రోజులు ప్రయోగం చేయాలన్నారు. అన్నిటికంటే నవ్వు తక్కువున్న బీటు పదిహేడోదని తేలింది. ప్రయోగానికి నన్ను పంపుతూ ఉత్తర్వు ఇచ్చారు. అక్కడి కీమాన్ మా అమ్మ అని నేను పరాంకుశం గారికి నివేదించాను.

ఆయన సర్వీసు రిజిస్టరు తెప్పించి చూశారు. "ఆమె కీమాన్. మీరు జూనియర్ అసిస్టెంటు. ఈ రెండు హోదాల నడుమ బంధుత్వం ఉన్నట్టు ఏ నిబంధనలోనూ లేదు, మిస్టర్ రాజు."

మర్నాడు ఏడింటికి నేను ఇన్ చేసిన చొక్కాతో, మెడలో అట్టతో, అట్టకి క్లిప్పు పెట్టిన ఫారంతో అమ్మకి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ భుజాన స్పానరు, చేతిలో సుత్తి. నేను పద్ధతి వివరించాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"నాను నవ్వితే బోల్టు బిగుసుకుంటాదేటిరా?"

ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. పద అన్నాను.

స్లీపర్ల మీద వెనక్కి నడవడం తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. మొదటిరోజు మూడుసార్లు వెల్లకిలా పడ్డాను. అమ్మ లేపి, మట్టి దులిపి, చదువుకున్న ఒళ్లు మెత్తగా ఉంటుందని వ్యాఖ్యానించింది గానీ నవ్వలేదు. మూడోరోజుకి మడమతో స్లీపరు తడుముకోవడం వచ్చింది. ఐదో రోజున ఒకటి గమనించాను. అమ్మ అంతకుముందు ప్రతి రెండు దెబ్బలకీ తలెత్తి, మెడ తిప్పి, కుడి చెవి మలుపు వైపు పెట్టేది. ఇప్పుడు పెట్టడం లేదు. వంగితే పని అయ్యేదాకా వంగే ఉంటోంది. పదకొండున్నరకి అయ్యే బీటు పదిన్నరకే అయిపోతోంది. ఎందుకని అడిగాను.

"నువ్వు అటేపే సూస్తన్నావు గదా," అంది.

నేను చూస్తున్నది నవ్వు కోసమని ఆవిడకి గుర్తుచేశాను. ఎనిమిది రోజుల్లో ఒక్క గీత కూడా పెట్టలేదు.

తొమ్మిదో రోజు మలుపు దగ్గర ఒక క్లిప్పు మొండికేసింది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని కొడుతోంది. నేను నిబంధన ప్రకారం మొహం కేసి చూస్తున్నాను. ఆ మొహం పక్కనుంచి, భుజం మీదుగా, కొండ అంచు నుంచి ఏదో గోధుమరంగుది కదిలినట్టయింది. చప్పుడు లేదు. తర్వాత అది పెద్దదైంది.

"అమ్మా, దిగవే. బండే. దిగవే, దిగు," అని అరిచానట. ఇన్నిసార్లు అరిచినట్టు నాకు తెలియదు, తర్వాత అమ్మే చెప్పింది. అమ్మ సుత్తి వదల్లేదు, మనిషి మాత్రం పక్క కంకర మీదికి దొర్లింది. నేను రెండో వైపు పడ్డాను. మధ్యలోంచి యాభై నాలుగు వేగన్లు పోయాయి. వేగన్ల ఒక్కో సందులోంచి అమ్మ కనపడేది, మళ్లీ కనపడేది కాదు. చివరి బ్రేకు వేగన్ పోయాక చూస్తే అవతల కంకర మీద చతికిలబడి ఉంది. తలగుడ్డ ఊడి మెడలో పడింది. నాకేసి చూసింది. నా ఒక చెప్పు లేదు, మెడలో అట్ట వీపు మీదికి తిరిగిపోయింది.

అమ్మ నవ్వింది. పళ్లన్నీ కనపడేలా, కడుపు పట్టుకుని, ఊపిరి ఆడనంతగా నవ్వింది. నాకూ ఆగలేదు. పట్టాలకి ఇటొకరు అటొకరు కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం.

తర్వాత నేను అట్ట ముందుకు తిప్పుకుని ఫారం నింపాను. ఉన్నది ఉన్నట్టు నింపాను. కీమాన్ నవ్వు, ఒకటి. పరిశీలకుడి ప్రవర్తన కింద: కేక వేయుట, ఒకటి, ముప్పై కోత. మర్యాద లేని సంబోధన, మూడు, పదిహేను కోత. కారణం అనే గడిలో ‘బండి వచ్చినందున’ అని రాసి, సంతకం చేసి, ఆఫీసులో ఇచ్చాను.

పరాంకుశం గారు నన్ను పిలిపించారు. ఆయన కోపంగా లేరు. కోపం వస్తే కోత పడుతుంది.

"విధి నిర్వహణలో ఉన్న ఒక సిబ్బందిని మీరు ‘దిగవే’ అని సంబోధించారు. దీన్ని పురస్కార సంఘం చదివితే ఏమనుకుంటుంది?"

మరేమనాలో తెలుపవలసిందిగా కోరాను. ఆయన ఒక కాగితం మీద రాసిచ్చారు: గౌరవనీయులైన కీమాన్ గారికి నమస్కారములు. తమ వెనుకవైపు నుండి ఒక బండి వచ్చుచున్నట్లు గమనించడమైనది. తమ వీలును బట్టి పట్టాల నుండి తొలగవలసిందిగా మనవి.

నేను దాన్ని లోపల చదువుకుని చూశాను. మలుపు దగ్గర కనపడినప్పట్నించీ బండి మా దగ్గరికి రావడానికి పట్టింది మహా అయితే ఏడు సెకన్లని, ఈ వాక్యాలకు పదిహేను పడతాయని విన్నవించాను.

"బళ్ల వేగం రవాణా విభాగం పరిధిలోనిది," అని పరాంకుశం గారు అన్నారు. ముఖాముఖి పద్ధతి ఉద్రిక్తతకు దారితీస్తున్నందున ప్రయోగం నిలిపివేస్తున్నట్టు, సోమవారం నుంచి పదిహేడో బీటు యథాప్రకారం ఒక్క మనిషితోనే నడుస్తుందని ఉత్తర్వు తయారుచేయమన్నారు. తయారుచేశాను. దానికి నంబరు కూడా నేనే వేశాను.

ఇంట్లో అమ్మకి చెప్పాను. చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నిజవే రాసినావు గదా. నిజం రాసినోడి మీద కోపవేటి?" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మ బీటు అయిపోయాక చివరి స్టేషను నుంచి నాకొక మిస్డ్ కాల్ ఇస్తుంది. సోమవారం పదకొండున్నరకి వచ్చింది. మంగళవారం పదకొండూ నలభైకి. బుధవారం పన్నెండైనా రాలేదు. పన్నెండూ పదికి మలుపు మీదుగా రేవు బండి ఒకటి దాటినట్టు కంట్రోలు గదిలో బోర్డు మీద ఉంది. నేను సీట్లో కూర్చుని ఫోను కేసి చూస్తూ ఉన్నాను. తటస్థత ఏమైందో నాకు తెలియదు.

అప్పుడే గవిరయ్య యూనియన్ ఉత్తరం ఇవ్వడానికి వచ్చాడు. నా మొహం చూసి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జరిగింది ఆయనకి తెలుసు. నా ఫారం నకలు తీయమన్నాడు. కళ్లకి దూరంగా పట్టుకుని, వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివాడు.

"బండి ఎల్లిపోనాక మీరిద్దరూ నవ్వినారా నేదా?"

నవ్వామని చెప్పాను.

"ఇద్దరూ?"

ఇద్దరం.

"మరది ఎక్కడ రాసినావు? మీ అమ్మ నవ్వు ఒకటి రాసినావు. నీది ఏదీ? ఇదిగో ఇక్కడ ఈ గడి ఏటి, కాళీగా ఒగ్గేసినావు?"

నేను లాక్కుని చూశాను. పద్నాలుగో గడి. ‘ఉమ్మడి హాస్యం: ఇరుపక్షాలు ఏకకాలమున నవ్వుట. నలభై మార్కులు.’ ఖాళీ. జీవితంలో మొదటిసారి నేనొక గడి ఖాళీ వదిలాను.

"కేక కూడా ఉందిగా," అన్నాను.

"కేకేసినావు, తరవాత నవ్వినావు. కేక లేపోతే నవ్వుండేదా? రెండూ ఒకటే రా. నీ సదువు నీకు సెప్పనేదేటి?"

పన్నెండూ నలభైకి ఫోను ఒకసారి మోగి ఆగింది. ఒక బోల్టు మొరాయించిందని అమ్మ తర్వాత చెప్పింది. గవిరయ్య కుర్చీలోంచి లేస్తూ తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నేను అప్పటికే తెల్ల కాగితం తీశాను.

సవరణ పత్రంలో ఇలా రాశాను: ‘తొమ్మిదవ రోజు నివేదికలో పద్నాలుగవ గడి పొరపాటున నింపబడలేదు. సదరు దినమున కీమాన్, పరిశీలకుడు ఏకకాలమున దీర్ఘముగా నవ్విరి. నవ్వుకు ముందు వెలువడిన శబ్దమును కేకగా విడిగా లెక్కించుట గణనలో దోషము. అది సదరు హాస్యమునకు ప్రారంభ భాగము. సంబోధనలు సైతం హాస్యములో అంతర్భాగములు. సవరించిన మొత్తం: తొంభై ఏడు.’ చదువుకుంటే ఒక్క అక్షరం అబద్ధం కనపడలేదు. ఒక్క అక్షరం నిజంగానూ కనపడలేదు. సంతకం పెట్టాను.

నిఖిలేశ్ కళ్లు చెమర్చాయి. పట్టాల మీద ఉమ్మడి హాస్యం దేశంలో ఎక్కడా నమోదు కాలేదన్నాడు. పరాంకుశం గారు సవరణ పత్రాన్ని రెండుసార్లు చదివి, దీన్ని పదిహేడో బీటుకే పరిమితం చేయడం మిగతా బీట్ల పట్ల వివక్ష అవుతుందని అభిప్రాయపడ్డారు. నలభై రెండు బీట్లకూ నలభై రెండు మంది పరిశీలకులు. నోటు ఫైలు నేనే పెట్టాను. మాటల్లో అమర్యాద దొర్లే ప్రమాదం ఉంది కనుక పరిశీలకులు మాటలకు బదులు ఈల వాడవచ్చని, ఈలకు ఏకవచనం బహువచనం ఉండవని రాశాను. ఆమోదించారు. చేతిలో ఏదైనా రంగుల జెండా ఉంటే పండగలా ఉంటుందని నిఖిలేశ్ సూచించాడు. ఏ రంగు అని నన్ను అడిగారు. స్టోరులో ఎరుపు నిల్వ ఉందని చెప్పాను.

పురస్కారం వచ్చింది. పరాంకుశం గారి గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. పదిహేడో బీటుకి ఇంటరు పాసైన ఒక అమ్మాయి వచ్చింది. అమ్మకి ఎదురుగా ఈల నోట్లో పెట్టుకుని వెనక్కి నడుస్తుంది. అమ్మ ఆ పిల్లకి మడమతో స్లీపరు ఎలా తడమాలో నేర్పింది. నవ్వుల గడిలో రోజుకింత అని ఇద్దరూ మాట్లాడుకుని వేసుకుంటారు. నేను తనిఖీకి వెళ్లను.

చర్చలు కొనసాగుతున్నాయి. మొన్న నలభై ఏడో విడత జరిగింది. టీ తాగడం కూడా కాలేదు, తొంభై ఎనిమిది వచ్చేశాయి. పరాంకుశం గారు ప్రసన్నంగా ఉన్నారు. ఇంతటి వాతావరణంలో దాచుకోవడం ఎందుకు, మీ కోరిక ఏదో ఉండేది కదా, దాని సంగతి ఏమైనా చెప్పదలచుకున్నారా అని ఆయనే అడిగారు. చేయి ఫైలు తాడు మీదికి వెళ్లింది.

నా పెన్ను ఆగిపోయింది. గవిరయ్య ఆ ఫైలు కేసి చూశాడు, నాకేసి చూశాడు. తర్వాత చాలా అందంగా నవ్వాడు. సాధన ఊరికే పోలేదు.

"మాకేటి కోరికలుంటాయండి, అయ్యగారూ. మనవరాలి చెవిపోటు తగ్గినాదా?"

క్షేమం అడిగినందుకు మూడు, ‘గారు’ అన్నందుకు అర, నవ్వుకి ఒకటి. నూటికి నూట రెండున్నర అయ్యాయి. ఫైలు తాడు బిగించి బీరువాలో పెట్టేశారు. కీమాన్‌కి తోడు మనిషి కావాలన్న కోరిక మా సంస్థలో ఇప్పటికీ పరిష్కారం కాలేదు. దాన్ని ఎవరూ ఎత్తరు. ఎత్తితే అది ఎప్పుడో తీరిపోయిందని యాజమాన్యానికి తెలుస్తుంది.